పదహారు వోల్టుల పంచాయితీ

మధ్యతరగతి ఇంట్లో చుట్టాల కోసమని ఒక గది ఉంటుంది. చుట్టాలు అందులో పడుకోకుండా చూసుకోవడం ఇంటివాళ్ళ బాధ్యత. నిజామాబాద్‌లో భోజన్న ఇంట్లో ఆ బాధ్యతను రెండేళ్లుగా ఒక బొమ్మరైలు మోస్తోంది.

భోజన్న ముప్పై నాలుగేళ్లు బోధన్ చుట్టుపక్కల కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆ రోజు కూతురు అంకిత ఒక రైలు సెట్టు కొనిచ్చింది. నాలుగు రోజులు ఆడుకుని అటక మీద పెడతాడనుకుంది. ఆయన గది నిండా బల్ల వేయించి, ఒక చివర నిజామాబాద్ స్టేషను, నడుమ ఎడపల్లి, ఆ చివర బోధన్ పెట్టాడు. బోధన్ పక్కన చక్కెర ఫ్యాక్టరీలోకి ఒక పక్క లైను కూడా వేశాడు. ఆ లైనులోకే రైలు పోవడం లేదు.

రైలును ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే చోటును పాయింటు అంటారు. దాని కింద అగ్గిపెట్టెంత మోటారు ఉంటుంది. బటన్ నొక్కితే అది టక్కుమని పట్టాను పక్కకు జరపాలి. నిజామాబాద్‌లో టక్కుమంటోంది. ఎడపల్లిలో కొంచెం ఆలోచించి టక్కుమంటోంది. బోధన్‌లో మాత్రం జుయ్యిమని మూలిగి ఊరుకుంటోంది.

గురువారం దాకా ఇది భోజన్న సొంత సమస్య. గురువారం కొత్త సోఫా వచ్చింది. హాల్లో పాత సోఫా ఉంది. అది ఇంకా పాడవలేదు కాబట్టి తీసేయడానికి మనసొప్పదు. కొత్తది ప్లాస్టిక్ కవరు విప్పకుండా వరండాలో నిలబడింది. దాన్ని చూడ్డానికి ఆదివారం మోర్తాడ్ నుంచి భోజన్న భార్య ముత్తవ్వకు అక్క, గంగుబాయి వస్తోంది.

"అంకిత బాపూ," అంది ముత్తవ్వ మొగుడితో. "ఆయితారం అక్క వచ్చి కొత్త సోఫల కూసునే లోపల నీ రైలు గా ఫ్యాక్టరీలకు పోయిందా, గది నీది. పోలేదా, బల్ల ఇప్పి సోఫా ఏపిస్త. ఊరందరికి కరెంటిచ్చినోనివి, బొమ్మకు ఇయ్యరాదా?"

చివరి మాట భోజన్నకు తగలవలసిన చోటే తగిలింది.

"పోతది. ఎట్ల పోదో సూస్త."

శుక్రవారం బోధన్ పాయింటుకు మీటరు పెట్టాడు. పదహారు వోల్టులు. రైలుతో వచ్చిన పుస్తకంలో ఎంత ఉండాలని రాసుందో అంతే ఉంది. "కరెంటు మంచిగనే ఉంది. మోటరే కరాబ్" అని తేల్చేశాడు. శనివారం నిజామాబాద్ మోటారు ఊడదీసి బోధన్‌కు, బోధన్‌ది నిజామాబాద్‌కు వేశాడు. కరాబైన మోటారు నిజామాబాద్‌లో టక్కుమంది. మంచి మోటారు బోధన్‌కు రాగానే మూలగడం మొదలుపెట్టింది. ఉద్యోగుల బదిలీల్లో ఆయన ఇది చాలాసార్లు చూశాడు గాని, మోటార్లలో చూడలేదు. బటన్ మార్చాడు. అతుకులన్నీ మళ్లీ కాల్చి అతికాడు. బోధన్ మూలుగుతూనే ఉంది.

ఆదివారం పొద్దున భీమన్న వచ్చాడు. ముత్తవ్వకు తమ్ముడు, బోధన్ దగ్గర రెండెకరాల చెరకు చేస్తాడు. బియ్యం బస్తా దించి సోఫాలో కూర్చోబోయాడు.

"గండ్ల కూసోకురా, కొత్తది," అంది ముత్తవ్వ.

గదిలోకి వచ్చి కింద కూర్చున్నాడు. భోజన్న బటన్ నొక్కాడు. జుయ్.

"బావా, ఇంకోసారి ఒత్తు."

జుయ్.

"అచ్చం నా బోరు మోటరు మొత్తుకున్నట్టే ఉంది గదనే!"

"నీ బోరుకు, దీనికి ఏం సంబంధంరా?"

"గదే మోత బావా. లైను కొసకున్నది కదా నాది. నువ్వొచ్చినవ్, మోటరు బంద్ పెట్టి మీటరు పెట్టినవ్, 'కరెంటు ఫుల్లున్నది, నీ మోటరే కరాబ్' అన్నవ్. బావ మాట గదా అని రెండుసార్లు వైండింగ్ చేయించిన."

"మూడుసార్లురా," అని వంటింట్లోంచి ముత్తవ్వ సరిచేసింది.

భోజన్న మీటరు చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడా ఆయన మోటారుకు పని చెప్పకుండానే కొలిచాడు. బటన్ ఈ చివర, మోటారు ఆ చివర. నొక్కుతూ కొలవడానికి ఒక మనిషి చేతులు చాలవు. భీమన్నకు టార్చి ఇచ్చి బల్ల కింద వెలుగు చూపమన్నాడు.

"ముత్తవ్వా, జర ఇటొచ్చి బటన్ ఒత్తు."

"పొయ్యి మీద పప్పున్నది."

"మాడితే మాడనీ."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఈ మాట అనడం ఇదే మొదలు. ఏమైందోనని ముత్తవ్వ పరుగున వచ్చింది.

"ఒక్క సెకనే. ఎక్కువ ఒత్తితే కాలిపోతది. ఆఁ, ఒత్తు!"

పదహారు కాస్తా ఆరయింది. వదిలింది. మళ్లీ పదహారు.

పని చెప్పనంతసేపు వోల్టులన్నీ హాజరు. పని చెప్పగానే దారిలోనే ఖర్చయిపోతున్నాయి. దారి అలాంటిది. నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలని ముత్తవ్వ పట్టుబట్టడంతో రైలుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు ఆ మూలన ఉంది. బోధన్ దానికి ఎదురు మూల. నడుమ గది చుట్టూ తిరిగి వచ్చేది వెంట్రుకంత టెలిఫోను వైరు. ఫోను తీసేసిన నాటి నుంచి పనికొస్తుందని పన్నెండేళ్లు దాచిన వైరు.

"ట్రాన్స్‌ఫార్మరు ఇటు జరుపుత."

"వాయవ్యంల నిప్పు పెడ్తవా? ఇల్లు ఉండాల్నా, పోవాల్నా?"

భోజన్న అటకెక్కి లావుపాటి వైరు చుట్ట దించాడు. ఏసీకని కొని, బిల్లు తలుచుకుని ఏసీ మానుకున్నప్పటిది.

"గది ఏసీది!"

"ఏసీ ఏదే?"

"ఎప్పటికన్న కొనమా?"

"కొన్ననాడు సూద్దాం," అని కత్తిరించేశాడు. "భీమా, పోయే వైరొక్కటే కాదు, తిరిగొచ్చేది గూడ మార్చాలె. గా కొస పట్టు."

పదకొండు దాటాక గంగుబాయి వచ్చింది. బల్ల కింద నుంచి బయటికి వచ్చిన నాలుగు కాళ్లు ఆమెకు ముందుగా కనబడ్డాయి.

"అయిపోయింది. అక్క వచ్చింది," అంది ముత్తవ్వ.

"వచ్చింది గని కూసోలేదు గద," అన్నాడు భోజన్న బల్ల కింద నుంచి. "మాట మాటే. వదినకు కొత్త సోఫా ఎయ్యి, కూసుంటది."

ముత్తవ్వ కవరున్న సోఫా వంక, అక్క వంక చూసింది. అక్క చీరకు మోర్తాడ్ బస్సు దుమ్ము ఉంది.

"జరసేపు నిలబడవే అక్కా."

ఆ జరసేపట్లో భోజన్న ఆఖరి స్క్రూ బిగించాడు. బయటికి వచ్చి, మోకాళ్లు కూడా దులుపుకోకుండా బటన్ నొక్కాడు.

టక్.

రైలు నిజామాబాద్‌లో బయలుదేరింది, ఎడపల్లి దాటింది, బోధన్‌లో పక్కకు తిరిగి ఫ్యాక్టరీలోకి పోయి ఆగింది.

"ఇంకోపారి పంపు మరిదీ," అంది గంగుబాయి, సోఫా సంగతి మరిచిపోయి.

ముత్తవ్వ కొంగు దోపుకుంది. "దసరా దాక ఉండనీ. దసరాకు మల్ల సూద్దాం."

"దసరా వరకు ఎడపల్లి వైరు గూడ మారుస్త," అన్నాడు భోజన్న. మీటరు జేబులో వేసుకుని చెప్పులు తొడిగాడు. "భీమా, బండి తియ్యి. నీ బోరు కాడికి పోదాం. మోటరు నడుస్తుండంగ కొలుస్త. లైను తీగ మార్చుమని ఆఫీసుల అడుగుత."

"రిటైరయినవ్ గదనే బావా! ఆఫీసుల నీ మాట ఇంటరా?"

"ఇనేదాక కూసుంట," అన్నాడు భోజన్న.