బిస్కెట్ డబ్బాలో ఊపిరి

కాలర్ సగంలో ఉండగానే ఆమె చక్రాన్ని అరచేత్తో పట్టి కుట్టుమిషన్ ఆపింది. కిటికీలో పెట్టిన బిస్కెట్ డబ్బా వైపు చెవి ఒగ్గింది. డబ్బాలోంచి తడిగుడ్డ ఈడ్చినట్టు ఊపిరి వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు గాని ఆమె తన ఊపిరి వదల్లేదు.

డబ్బా కొడుకు చేతిపని. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి కాలింగ్ బెల్లులు బాగుచేసేవాడు. ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక కూడా చేతులు ఊరుకోలేదు. సబ్బుపెట్టెకు రబ్బరుబ్యాండ్లు బిగించి మీటేవాడు. రెండు చెంచాలకు వైర్లు కలిపి, ముట్టుకుంటే పిల్లిలా అరిచేట్టు చేశాడు.

"షాక్ కొడుతుందిరా! పక్క అంటుకుంటుందిరా!"

"ఈ బ్యాటరీలకి దోమ కూడా చావదమ్మా."

ఆమె గంటకు పదిసార్లు లేచి వచ్చి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "ఉన్నానో లేనో చూడ్డానికొచ్చి నిద్ర చెడగొడుతున్నావ్" అని వాడు విసుక్కుని, చివరికి ఈ డబ్బా కట్టాడు. విరిగిన బొమ్మలోంచి తీసిన పలచని ఇత్తడి బిళ్ళను మంచం పట్టెకు అతికించి, తలుపు కిందుగా మిషన్ ఉన్న ముందుగదిలోకి వైరు లాగి, డబ్బాలో పాత రేడియో స్పీకరు అమర్చాడు. మంచం ఏ కాస్త అదిరినా డబ్బా పలుకుతుంది. ఒక్కటే చిక్కు. ఆ మేడగదులది చెక్కనేల. మిషన్ తొక్కితే ఆ అదురు మంచానికెక్కి, ఊపిరిని మింగేసి, డబ్బాలో గరగరమంటుంది.

"మిషన్ ఆపితే వినిపించేది నేను. తొక్కుతుంటే నువ్వే. గుర్తుపెట్టుకో" అన్నాడు.

మధ్యాహ్నం బట్టలకొట్టాయన గుమ్మంలోంచే కేకేశాడు. "ఏంటక్కా, ఇంకా కాలర్ల దగ్గరే ఉన్నావా? రేపు బడి తెరుస్తారు. పిల్లల్ని బనీన్లతో పంపమంటావా?"

లోపల కొడుకు నవ్వబోయి దగ్గాడు. ఆయన వెళ్ళాక ఆమె గోరువెచ్చటి నీళ్ళు తాగించి, దిండు ఎత్తు చేసింది.

"ఈ పూటకి నన్ను వదిలెయ్యమ్మా. ఆపకుండా కుట్టు. ఆ చప్పుడుకి నాకు నిద్రపడుతుంది."

"ఏమన్నా అయితే పిలుస్తావుగా?"

"ఏమీ కాదులే. పో."

కుట్టింది. పాదం ఆగబోయినప్పుడల్లా వాడు విసుక్కుంటాడని మళ్ళీ తొక్కింది. డబ్బా గరగరమంటూనే ఉంది. అది తన చప్పుడేనని తెలిసినా, ఏదో ఒకటి వినబడుతోంది కదా అని ధైర్యం. ఒడిలో చొక్కాలు పెరిగాయి. కిటికీలోంచి ఎండ దిగిపోయింది. చివరి చొక్కాకు దారం తెంపి పాదం తీసింది.

డబ్బా పలకలేదు.

ఏ చిన్నదానికైనా కీడే తలచే మనిషి, ఆ ఒక్కసారి మాత్రం బ్యాటరీలు అయిపోయాయనుకుంది. డ్రాయరు వెతికి కొత్తవి వేసింది. పలుకుతుందో లేదోనని మిషన్‌ను ఒక్కసారి తొక్కి చూసింది. గర్రుమంది. పాదం ఆపింది. మళ్ళీ ఏమీ లేదు.

లేచి లోపలికి వెళ్ళింది. వాడు గోడవైపు తిరిగి ఉన్నాడు. గుప్పిట్లో చెంచా. అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఈసారి వాడు విసుక్కోలేదు.

"నాన్నా" అంది, నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా.

మర్నాడు వాడిని తీసుకెళ్ళిపోయారు. బట్టలకొట్టాయన తల వంచుకుని చొక్కాల మూట తీసుకెళ్ళాడు. అందరూ వెళ్ళాక ఆమె మిషన్ ముందు కూర్చుంది. సూది కింద గుడ్డ లేదు. కాసేపు తొక్కింది. తర్వాత ఆపింది.

కిటికీలో బిస్కెట్ డబ్బా, కొత్త బ్యాటరీలతో, ఖాళీ మంచాన్ని వింటూ ఉంది.