రెండు వేళ్ళ వదులు

దర్జీ తాత కోతలు మొదలుపెడితే ఆయన కత్తెర కూడా సిగ్గుతో నోరు మూసుకునేది. ఏనుగుకి కోటు కుట్టి, మిగిలిన గుడ్డతో దాని నీడకి టోపీ పెట్టానని ఒట్టేసి మరీ చెప్పేవాడు. తొమ్మిదేళ్ళ మనవరాలు బుడంకాయ పడీపడీ నవ్వేది.

బుడంకాయకి కిడ్నీ జబ్బు. రక్తంతో పాటు ఎదుగుదలనీ పాడుచేసే జబ్బు అది. ఆరేళ్ళు వచ్చినా నాలుగేళ్ళప్పటి గౌనే సరిపోతోందని బళ్ళో పిల్లలు ఏడిపిస్తే ఇంటికొచ్చి మూల కూర్చునేది.

తాత దానికో ఉపాయం పన్నాడు. పెరిగే పిల్లల బట్టలకి రెండు వేళ్ళ వదులు పెట్టడం ఆయనకి అలవాటు. ఆరునెలలకోసారి పిల్లని వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టేవాడు. గీత గీసేది మాత్రం దాని తలకి సమంగా కాదు, పాత గీతకి రెండు వేళ్ళ పైన. ఇలా సాగితే మేడ మీదివాళ్ళ నేలకి కన్నం పెట్టించాలే అనేవాడు. మూడేళ్ళలో గీతలు పిల్లని దాటి ఎక్కడికో పోయాయి.

మూడు నెలల కిందట కొత్త ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళినప్పుడు, అక్కడ ఎత్తు కొలిచే కర్ర విరిగి ఉంది. ఎంతుంటుందని నర్సమ్మ అడిగింది. తాత మెడలో టేపు ఉండనే ఉంది. కానీ పిల్ల కళ్ళింత చేసుకుని ఆయన నోటికేసే చూస్తోంది.

"నూట ఇరవై సెంటీమీటర్లు. యాభై ఏళ్ళ చెయ్యి తల్లీ, దారప్పోగు తేడా రాదు."

ఆమె రాసేసుకుంది. ఎత్తుకీ కిడ్నీకీ ఏం చుట్టరికంలే అనుకున్నాడు తాత.

ఈరోజు కొత్త కర్ర దగ్గర నిలబెడితే నూట పదే వచ్చింది. డాక్టరమ్మ పాత కాగితం తీసి మళ్ళీ లెక్క వేసింది. పిల్లల కిడ్నీ ఎంత పనిచేస్తోందో ఎత్తునీ, రక్తంలో పేరుకున్న మలినాన్నీ కలిపి అంచనా కడతారట. ఎత్తు పెంచి చెబితే కిడ్నీ కూడా బాగున్నట్టే కనిపిస్తుందట. అప్పుడు కిడ్నీ పని నూటికి ముప్పై రెండు వంతులు అనుకున్నది నిజానికి ఇరవై తొమ్మిది. ముప్పై లోపని తెలిసుంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపి, పిల్లకి పెట్టడానికి వాళ్ళమ్మ కిడ్నీ సరిపోతుందేమో పరీక్షలు మొదలుపెట్టించేదాన్నంది. ఇప్పుడు పదిహేను. పరీక్షలు పూర్తయ్యేలోపు డయాలసిస్ తప్పేలా లేదు.

తాత టేపు తీసి జేబులో కుక్కుకున్నాడు. పక్కనే ఉన్న కోడలు, బుడంకాయ తల్లి, కాగితాలు సర్దుకుని పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. తిట్టినా బాగుండునని దారంతా అనుకున్నాడు.

ఇంటికి రాగానే బుడంకాయ తనంతట తానే వెళ్ళి గుమ్మానికి ఆనుకుంది. తాత మొదటిసారి దాని తల మీదే పెన్సిల్ ఆనించాడు. గీత నాలుగు గీతల కిందకి వచ్చింది.

"నీకు అబద్ధం చెప్పానే తల్లీ."

"నాకు తెలుసు తాతా. నువ్వు గీసేటప్పుడు పెన్సిల్ నా తలకి ఎప్పుడూ తగల్లేదుగా."

"మరి ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అంత సంతోషంగా చెబుతుంటేనూ..."

పిల్ల తాత జేబులోంచి టేపు లాగి, చుట్ట చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "ఇకనించి దీంతోనే కొలుద్దాం తాతా."