మిర్యాలగూడ పోని వాసన

సూర్యాపేట కొత్త బస్టాండు ఎనక సందుల సైదయ్య కటింగ్ షాపు ఉన్నది. బోర్డు మీద పేరు సైదయ్యదే గని, కత్తెర పట్టేది ఆయన బిడ్డ సరిత. సైదయ్యకు చేతులు వణుకుడు మొదలైనంక కత్తి బిడ్డకిచ్చి, తను గడప కాడ కుర్చీ ఏసుకొని పేపర్ చదువుకుంట కూసుంటడు. ఆడపిల్ల గడ్డం గీసుడేందని మొదట్ల సందు సందంత ముక్కున వేలేసుకున్నది. ఒక్కసారి ఆమెకు చెంప అప్పజెప్పినోడు మళ్ల ఇంకో షాపు మెట్టెక్కలేదు. ఇగ ఆ ముచ్చట ఆడికే ఖతం.

సరిత అందరి ముఖాలకు ఒకటే సీసా కొట్టే రకం కాదు. ముందుగాల చెంప మీద వేలు పెట్టి చూస్తది. జిడ్డు చర్మమైతే పటిక రుద్ది, ఆరినంక స్పిరిటున్న లోషన్ చల్లుతది. పొడి చర్మమైతే తడి ఆరకముందే బామ్ రాసి, దాని మీద జరంత క్రీము అద్దుతది. నీళ్లసొంటిది ముందు, జిగటది తర్వాత, మందపుది ఆఖరికి, నడుమ నడుమ ఆరనియ్యాలె అని ఆమె లెక్క. బస్సు పోతదని ఎవరన్న లేవబోతే భుజాలు పట్టి మళ్ల కూసోబెడతది.

ఆ షాపుల ముఖానికి రాసుకున్న వాసన మనిషి కంటే ముందు పోతది. మనిషి ఏ ఊరికి, ఏ ఇంటికి పోతున్నడో ఆడికి తనే పోయి కూసుంటది. కండక్టర్ సాయిబాబుది జిడ్డు ముఖం. ఆయనకు కొట్టే స్పిరిటుకు ఉరుకుడెక్కువ. బస్సు మునగాల దాటకముందే వాసన కోదాడ బస్టాండుకు చేరుకుంటది, హోటలాయన లేచి చాయ్ పెడతడు. మిర్యాలగూడ రైస్ మిల్లు సోమన్నది పొడి చర్మం. బామ్ నడక నిదానం, మనిషి చెప్పులిడిసే ముందు ఇంట్ల అడుగు పెడతది. కూర వేడి చేసే టైం కూడా ఇస్తలేదని ఆయన భార్య ధనలక్ష్మి ఫోన్ చేసి కోప్పడ్డది. బామ్ అంతకన్న ఉరకదు వదినా అని సరిత నచ్చజెప్పింది.

అందరికి గిట్ల సాగుతుంటే ఒక్క దేవేందర్‌కు మాత్రం ఏదీ ముందు పోయేది కాదు. పక్క సందుల మోటర్ వైండింగ్ పని ఆయనది, ఊరు చివ్వెంల కాడ తండా. ఎత్తు మనిషి, మాట తక్కువ, చర్మం మరీ నాజూకు. స్పిరిటు తగిలితే చెంప మిరపపండయితది. పటికకు మంట, సెంటు క్రీముకు దద్దుర్లు. అందుకని వట్టి నీళ్లతోని కడుక్కొని లేచిపోయేటోడు. యాడికి పోయినా ఆయన వస్తున్నడని ఎవరికీ తెల్వదు. ఇంటికి పోతే కన్నతల్లి గౌరీబాయి కూడా తలుపు తీసి ఉలిక్కిపడేది. తనకోసం ఒకరు ఎదురుచూస్తే ఎట్లుంటదో ఆ పిలగానికి తెల్వదు.

పెండ్లి సంబంధాలు కూడా గందుకే చెడినయి. హుజూర్‌నగర్ వాళ్లు పొద్దంత ముక్కులెగబీల్చి, వాసన రాలేదు గదా, పిలగాడు కూడా రాడనుకొని ఇంటికి తాళమేసి చుట్టాలింటికి పోయిన్రు. కోదాడ సంబంధం ఇంకా అన్యాలం. ఆ దినం గౌరీబాయికి జ్వరం, దేవేందర్ ఒక్కడే పోయిండు. పిల్ల తండ్రి తలుపు తీసి, ముందు వాసన లేకుండ వచ్చిన ఈ మనిషిని చూసి, తను పిలిపించిన మెకానిక్కే అనుకున్నడు. బోరు మోటారు వెనకాల ఉంది, చూడవయ్యా అన్నడు. దేవేందర్ కాదనలేక మోటర్ విప్పి, బాగుచేసి, నీళ్లొచ్చేది చూపిచ్చి, చేతులు కడుక్కొని బస్సెక్కి వచ్చిండు. ఆ ముచ్చట చెప్తే సరిత కత్తెర పక్కకు పెట్టి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. దేవేందర్ కూడా నవ్విండు. ఆ షాపుల తప్ప ఇంకో తావుల ఆయన నవ్వంగ చూసినోళ్లు లేరు.

ఒకనాడు గౌరీబాయి తనే షాపుకు వచ్చింది. మిర్యాలగూడల శ్రావణి అని మా వాళ్ల పిల్లే ఉన్నది, దవాఖానల నర్సు, మంచి సంబంధమని చెప్పింది. వాసన రాని మనిషికి పిల్లనిచ్చుడు ఎట్లని వాళ్ల పెద్దలు వెనకాముందు అయితున్నరంట.

"ఈసారి కూడా వాసన పోకుంటే ఇగ నేను యాడికీ తిరగ బిడ్డా. వీని రాత గింతే అనుకుంట" అన్నది. కొంగుతోని ముఖం తుడుసుకున్నది.

సరిత ఆమె చెయ్యి పట్టుకొని, పంపే పూచీ నాది అన్నది.

మంగళవారం షాపు బంద్. ఆ మంగళవారాలన్నీ దేవేందర్ చెంపకే పోయినయి. ఏ సీసా తెచ్చినా ముందు చెవి ఎనక చుక్క పెట్టి, తెల్లారి దద్దు లేచిందా చూసేది. లేస్తే ఆ సీసా పక్కకు. ఆయన ఊకె కూసోలేక షాపుల ఫ్యాను బాగుచేసిండు, అద్దం మీది లైటు మార్చిండు, మోటర్ల ముచ్చట్లు చెప్పిండు. గడప కాడి సైదయ్య పేపర్ ఎనక నుంచి అన్నీ చూస్తనే ఉన్నడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగిండు.

"వచ్చినోళ్లందరిని అన్నా అన్నా అంటవు. ఈ పిలగాన్ని ఎందుకనవే?"

"నోటికి రాదు నాయినా" అన్నది సరిత, కత్తి కడుక్కుంట.

ఆఖరికి దొరికింది. వట్టివేరు నానిన నీళ్లు ముందు. అవి ఆరినంక కలబంద గుజ్జు. అది ఇంకినంక సెంటు లేని పలచటి క్రీము. పెండ్లిచూపుల పొద్దు సరిత వెంట్రుక వాలు చూసుకుంట మెల్లగ గడ్డం గీసి, ఒకదాని మీద ఒకటి రాసింది. చెంప ఎర్రబడలే, దద్దు లేవలే. ఎండాకాలం తడికె మీద నీళ్లు చల్లినట్టు సల్లటి వాసన లేచి షాపంత నిండింది. గౌరీబాయి సంబురపడి సరిత బుగ్గలు పుణికింది. తల్లీకొడుకులు మిర్యాలగూడ బస్సెక్కిన్రు.

వాళ్లు పోయినంక సరిత టవలు దులుపుతుంటే వాసన ఇంకా షాపులనే ఉన్నది. రెండో కుర్చీల ఒరిగి కూసున్నది. కటింగుకు వచ్చినోళ్లు కుర్చీల ఎవరో ఉన్నరు గదా అని గోడకు నిలబడ్డరు. సరిత తలుపులు బార్లా తెరిచింది. ఫ్యాను పెట్టింది. పో, మిర్యాలగూడ పో, ఆడ నీకోసం చూస్తుంటరు అని బతిమిలాడింది. టవలు పెట్టి తోలింది. వాసన లేచి, షాపంత ఒక చుట్టు తిరిగి, మళ్ల అదే కుర్చీల కూసున్నది. సరితకు ఏడుపొచ్చింది. నా చేతులతోని ఆ పిలగాని పెండ్లి నేనే చెడగొట్టిన, ఎక్కడనో వరస తప్పిన అనుకుంట సీసాల మూతలు తీసి తీసి చూసింది.

సైదయ్య పేపర్ మడిచిండు. "నీ వరస తప్పలే బిడ్డా. వాసన ఎన్నడన్న దారి తప్పిందా? మనిషి యాడికి పోవాల్నో ఆడికే పోతది."

సరిత సీసా మూత పెట్టింది. ఆమె చెవులు ఎర్రగైనయి. షాపు ఎనక ఇంట్లకు పోయి స్టవ్ ముట్టిచ్చింది.

ఆడ మిర్యాలగూడల పిల్ల తరపోళ్లు ఇంట్లనే ఉన్నరు. గౌరీబాయి తోవ పొడుగుత ఫోన్లు చేసింది మరి. శ్రావణి చాయ్ ఇచ్చి, ఎదురుంగ కూసోని గాలి పీల్చి, మీ వాసన రాలేదేంది అని అడిగింది. గౌరీబాయి గాభరపడి కొడుకు చెంప కాడ ముక్కు పెట్టి చూసింది. చెంప నున్నగ ఉన్నది, వాసన లేదు. ఏమైందిరా అంటే దేవేందర్ చాయ్ గిలాస కింద పెట్టిండు.

"సూర్యాపేటల్నే ఆగింది యాడీ" అన్నడు. తండా భాషల అమ్మను పిలిచినట్టే పిలిచిండు. "నేను పోవాల్సింది ఆడికే."

అందరి కంటే ముందు నవ్వింది శ్రావణే. మనిషి గీడ, వాసన గాడ అయితే నేనేం జేసుకోవాలె, చాయ్ తాగి బస్సెక్కున్రి అన్నది. ఆమె గొంతుల కోపం ఇసుమంత కూడా లేదు.

బస్సుల గౌరీబాయి సగం దారి లెక్కలేసుకుంటనే ఉన్నది. తండా ఏమంటదో, బస్తీ ఏమంటదో ఆమెకు తెల్వక కాదు. ఆఖరికి కొడుకు దిక్కు తిరిగి, గా సరిత కాడ ఏం చూసినవురా అని అడిగింది.

"నేను యాడికి పోయినా ఎవరికీ తెల్వదు గదా యాడీ. ఆమెకు తెలుస్తది. వాసన లేకున్నా, నేను పోయేసరికి కుర్చీ తుడిచి ఉంటది" అన్నడు దేవేందర్. "నాకు గిప్పుడే సమజైంది."

గౌరీబాయి కండ్లు తుడుసుకొని, ఇన్ని బస్సులెక్కిచ్చినవు గదరా పోరగా అని వాని వీపు మీద ఒక్కటి ఏసింది. ఇగ సూర్యాపేట దాక నవ్వుతనే ఉన్నది.

పొద్దు వాలకముందే ఇద్దరు సందుల అడుగు పెట్టిన్రు. షాపు ముందు నీళ్లు చల్లి ఉన్నయి. లోపల సరిత కొత్త చీర కట్టుకొని, ఏం చేయాల్నో తెల్వక, తుడిచిన అద్దమే మళ్ల తుడుస్తున్నది. గౌరీబాయి గడప కాడ ఆగి కొంగు సర్దుకున్నది.

"అన్నా, పెండ్లిచూపులకు వచ్చినం" అన్నది సైదయ్యతోని. "చెప్పకుండ వచ్చినమని ఏమనుకోకు."

సైదయ్య వణికే చేతులతోనే కుర్చీ జరిపిండు.

"చెప్పకుండ యాడొచ్చిన్రు, చెల్లే" అన్నడు. "పొద్దటి సంది మీకోసమే ఎదురుచూస్తున్నం."