ఆరోవేలి ఆనవాలు

"ఎడమ కాలికి ఆరు వేళ్లండీ," అని నర్సు చెప్పగానే నానమ్మ మనవడి ముఖమైనా చూడకుండా గుడ్డ తొలగించి పాదం చూసింది. చిటికెన వేలి పక్కనే, గోరుతో సహా, ఇంకో బుల్లి వేలు.

"అచ్చం మా నాన్నే!" కొడుకు మురిసిపోయాడు. "వీడికీ చెప్పులు కాదు, పడవలు కొనాలి."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆ పాదాన్ని మళ్లీ గుడ్డతో కప్పేసింది.

ఆమె భర్త రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది తగలబడిన రోజు, వరసగా పడుకోబెట్టిన వాళ్లలో ఎవరి ముఖమూ ముఖంలా లేదు. మందపాటి బూట్లలో ఉన్న పాదాలే మిగిలాయి. "కాళ్లు చూపించండి చాలు," అందామె. ఒక గుడ్డ కింద ఆ వేలు కనిపించింది. కాపురం చేసినన్నాళ్లూ వెక్కిరించిన వేలినే పట్టుకుని కూలబడిపోయింది.

మనవడు గోడ పట్టుకుని నిలబడే వయసు వచ్చేసరికి ఆ వేలు నేలకు ఒరుసుకుని పుండు పడసాగింది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. "లోపల ఎముక ఉంది, దారం కడితే ఊడేది కాదు. నడక రాకముందే మత్తిచ్చి తీసేద్దాం," అన్నాడు.

ఇంటికి రాగానే నానమ్మ అడ్డం తిరిగింది. "వద్దు. కోయించొద్దు."

"ఎందుకత్తయ్యా? రేపు బూట్లు వేసుకుంటే ఏడుస్తాడు."

"రేపు ఏదైనా జరిగితే వీణ్ణెలా గుర్తుపడతామే?"

కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోడలు పిల్లవాణ్ణి తెచ్చి అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టింది.

"బతికున్నవాణ్ణి గుర్తుపట్టండి, అత్తయ్యా," అంది మెల్లగా.

ఆపరేషన్ రోజు, మెడ వదలనంటూ ఏడుస్తున్నవాణ్ణి నానమ్మే నర్సు చేతికి అందించింది. కట్టు విప్పేసరికి సన్నటి గీత మిగిలింది. కొన్నాళ్లకే వాడు పడుతూ లేస్తూ ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. కోడలు తేలికపడింది.

ఒక మధ్యాహ్నం వాడు నానమ్మ ఒళ్లో నిద్రపోయాడు. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. నడినెత్తిన రెండు సుడులున్నాయి. మోకాలి కింద తేనెరంగు మరక. ఆమె ఒక్కొక్కటే తడిమి ముద్దు పెట్టుకుంటూ పోయింది. దేనికోసం వెతుకుతోందో అర్థమై, ఆమె చెయ్యి ఠక్కున ఆగింది.

వాడు నిద్రలో నవ్వాడు. ఆమె కళ్లు మూసుకుంది. కానీ వేళ్లు మాత్రం మళ్లీ వాడి వెన్ను తడమసాగాయి.