సాసరు మీద ఫోను

నిర్మలాదేవి ఇంట్లో ఫోన్లకి మడి ఉండేది. వంటింటి కిటికీ పక్కనున్న ప్లగ్గు దగ్గర, తెల్ల పింగాణీ సాసరు మీద పెట్టి మాత్రమే ఛార్జి చెయ్యాలి. పడగ్గదిలో కూడదు. రాత్రి పది దాటాక అసలే కూడదు. పది కొట్టగానే ఆవిడే స్వయంగా వచ్చి గోడమీది స్విచ్చు కట్టేసేది. ఇంగ్లండులోని ఆ నార్తాంప్టన్ ఊళ్ళో ఏ ఇల్లు తగలబడినా ఆ ఇల్లు మాత్రం తగలబడదని రాసివ్వొచ్చు.

అయితే ఈ మడి ఒక్క రిషితకే. నిర్మలాదేవి తొమ్మిదేళ్ళ కూతురు శ్రీవల్లి సోఫా మెత్తల్లో కూరుకుపోయి, వైరు తగిలించిన ట్యాబ్లెట్‌ని పొట్ట మీద పెట్టుకుని గంటలకొద్దీ కార్టూన్లు చూసేది. అది ఖరీదైనది కాబట్టి పేలదట.

రిషిత షెఫీల్డ్‌లో ఎలక్ట్రికల్ ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఉద్యోగం దొరికేదాకా తలదాచుకోడానికి ఈ ఇంటికి వచ్చింది. ఒంగోలులో వాళ్ళమ్మకి నిర్మలాదేవి ఎరుక. "అద్దేంటి వదినా, మా పిల్లలాగా ఉంటుంది" అని ఆవిడ ఫోన్లో మాటిచ్చింది, ఆ మాట తప్పలేదు కూడా. ఇంటి పిల్లకి అద్దె ఉండదు, సెలవూ ఉండదు. పొద్దున దోశెలు, మధ్యాహ్నం ఇస్త్రీ, మూడింటికి శ్రీవల్లిని బడి నుంచి తీసుకురావడం, సాయంత్రం కూరలు. మధ్యలో ఉద్యోగాలకి అప్లికేషన్లు.

రిషిత ఫోను ముసలిది. మంచం దిగేసరికి సగం, మెట్లు దిగేసరికి పావు. షెఫీల్డ్ స్నేహితులు పుట్టినరోజుకి ఇచ్చిన పవర్ బ్యాంకుతోనే దానికి ప్రాణం నిలబడుతోంది. ఆ సోమవారం దుప్పట్లు మార్చే నెపంతో గదిలోకి వచ్చిన నిర్మలాదేవి, దిండెత్తి చూసి కెవ్వుమంది.

"ఏంటే ఇది? తల కింద కుంపటి పెట్టుకున్నావా?"

"పవర్ బ్యాంకు ఆంటీ. ఫోన్ అస్సలు నిలబడట్లేదు..."

"రేపు మీ అమ్మకి ఏం చెప్పుకోవాలి నేను? నీ కూతుర్ని వేపుడు చేశానని చెప్పనా?"

తప్పు రిషితదే. గాలాడని చోట ఇలాంటివి కాగిపోతాయని, దిండు కింద, దుప్పటి కింద పెట్టకూడదని ఆమెకి పుస్తకాలతో సహా తెలుసు. బయట పెడితే ఆంటీ కంట పడుతుందని తెలిసే దాచింది. ఏ మొహం పెట్టుకుని వాదిస్తుంది? పవర్ బ్యాంకు ఆవిడ బీరువాలోకి వెళ్ళిపోయింది.

"గురువారం ఇంటర్వ్యూ ఉంది ఆంటీ. ఆ ఒక్క రోజుకి ఇవ్వండి. పదకొండింటికి బర్మింగ్‌హామ్ వాళ్ళు ఫోన్ చేస్తారు. వీసా ఇప్పిస్తామన్న కంపెనీ అదొక్కటే. జనవరి ఇరవై దాటితే నేనిక్కడ ఉండటానికి లేదు."

"ఆ ఉద్యోగం వస్తే ఇల్లు కూడా బర్మింగ్‌హామ్‌కేనా?"

"దగ్గర్లో చూసుకోవాలి."

"మరి శ్రీవల్లిని బడి నుంచి ఎవరు తెస్తారు?" అంది నిర్మలాదేవి, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత తేలిగ్గా.

గురువారం పొద్దున లైబ్రరీకి పోయి కూర్చుంటానంది రిషిత. బాయిలర్ చూడ్డానికి మనిషి వస్తాడు, ఇంట్లో ఉండమంది ఆంటీ. సరే, ఫోనన్నా ఛార్జి చేద్దామంటే కిటికీ పక్క ప్లగ్గులో మిక్సీ తిరుగుతోంది. తొమ్మిదికి ఇడ్లీ పిండి. తొమ్మిదిన్నరకి గోంగూర. పదింటికి, పెళ్ళికి పట్టుకెళ్ళాలని కందిపొడి. విజయవాడలో ఆవిడ ఆడపడుచు కూతురి పెళ్ళి. ఇంగ్లండు నుంచి కందిపొడి మోసుకెళ్ళి విజయవాడ వాళ్ళకి పెట్టాలన్న ఆలోచన ఆ పొద్దున్నే ఎందుకు పుట్టిందో ఆవిడకే తెలియాలి.

పదకొండుకి ఫోను మోగింది. ఆరు శాతం. రిషిత మిక్సీ వైరు పీకి, తన వైరు పెట్టి, అది పొట్టిది కాబట్టి సాసరు మీదికి నడుం వంచి మాట్లాడటం మొదలుపెట్టింది. అటు ఇద్దరున్నారు. మంచివాళ్ళలాగే ఉన్నారు. రెండు జవాబులకి బాగుందన్నారు. మూడో ప్రశ్న ట్రాన్స్‌ఫార్మర్ల గురించి. ఆమె ప్రాజెక్టంతా దాని మీదే.

"అయ్యయ్యో! ఛార్జింగులో పెట్టి మాట్లాడతావా? చెవి పేలిపోద్ది!"

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి గోడమీది స్విచ్చు టక్కున కట్టేసింది.

"ఆంటీ, ప్లీజ్, ఇంటర్వ్యూ..."

"అందుకేనమ్మా. ఉద్యోగం చెయ్యాలన్నా చెవులుండాలిగా!"

ఆవిడ వీపు ప్లగ్గుకి ఆనించి నిలబడింది. ఫోను నల్లబడింది. పొయ్యి మీది గడియారంలో 11:04.

మళ్ళీ ప్రాణం పోసి, వాళ్ళ నంబరుకి చేసి, చేసి, వేలు నొప్పి పుట్టింది. సాయంత్రానికి ఈమెయిలు వచ్చింది: మీ ఆసక్తికి ధన్యవాదాలు, వేరేవాళ్ళని ఎంచుకున్నాం.

"మనకి రాసిపెట్టి ఉండాలమ్మా" అని నిర్మలాదేవి ఆమె భుజం నిమిరింది. "పోన్లే, బీరకాయలు తెచ్చాను. పాలు పోసి చెయ్యి. నీ చేతి కూర తిని వారమైంది."

శనివారం పెట్టె సర్దుడు. సర్దేది రిషిత, మంచమ్మీద కూర్చుని చెప్పేది ఆంటీ. పట్టుచీరలు ఆరు, వాటి జాకెట్లు, వాటికి సరిపడా గాజులు. తోటికోడలు అలివేలుమంగ కళ్ళు కుట్టాలి, అది లెక్క. చీరలన్నీ ఒకే పెట్టెలో. దిగిన మర్నాడు పొద్దున్నే ముహూర్తం.

అన్నీ అయ్యాక నిర్మలాదేవి బీరువాలోంచి పవర్ బ్యాంకు తీసింది. "ఇదీ పెట్టు. పెళ్ళికొడుక్కిస్తాను. లండన్ సరుకంటే మురిసిపోతాడు."

రిషిత చీర మడత పెట్టడం ఆపింది. "అది ప్రమాదమన్నారు కదా?"

"నీ దిండు కింద ప్రమాదం. అతను పద్ధతిగా వాడుకుంటాడు."

"ఆంటీ, ఇలాంటివి పెద్ద పెట్టెలో..."

"ఎక్కువ మాట్లాడకు. చీరల మధ్య పెట్టు, దెబ్బ తగలకుండా ఉంటుంది."

ఇలాంటివి పెద్ద పెట్టెలో వెయ్యకూడదు, చేతిసంచీలోనే పట్టుకెళ్ళాలి. విమానం పొట్టలో ఇది అంటుకుంటే ఆర్పే దిక్కుండదు. అందుకే పెట్టెల్ని ఎక్స్‌రే యంత్రంలోకి తోసి చూస్తారు, కనబడితే పక్కకి తీసేస్తారు. ఇదంతా చెప్పడానికే రిషిత నోరు తెరిచింది. మాట్లాడొద్దన్నారు గనక మూసుకుంది. ముందు దాన్ని తన ఫోనుకి తగిలించి చుక్క మిగలకుండా ఖాళీ చేసింది. ఆ తర్వాత ఎర్ర కంచిపట్టు మడతల్లో పాపాయిని పడుకోబెట్టినట్టు పెట్టింది.

"తాళం నంబరు నువ్వే ఏదో ఒకటి పెట్టు. నాకు గుర్తుండి చావవు. తర్వాత ఫోన్లో పంపు."

"అలాగే ఆంటీ" అంది రిషిత. పెట్టింది.

ఆదివారం ఆవిడ భర్త శేషగిరి కారు నడిపాడు. పెట్టె మొయ్యడానికి రిషిత కూడా వెళ్ళింది. బర్మింగ్‌హామ్ ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి, పెట్టె మీరే సర్దుకున్నారా అని అడిగింది. "యస్, యస్" అంది నిర్మలాదేవి గర్వంగా. ఆ అమ్మాయి బ్యాటరీల బొమ్మలున్న అట్ట చూపించి, ఇందులో ఏవైనా ఉన్నాయా అంది. నిర్మలాదేవి దానివంక చూడనైనా చూడకుండా "నో, నో" అంది. రిషిత ట్రాలీ పట్టుకుని వెనకే నిలబడి, తన చెప్పుల్ని శ్రద్ధగా చూసుకుంది.

శేషగిరి ఆమెని ఇంటి దగ్గర దింపి, శ్రీవల్లిని డాన్సు క్లాసు నుంచి తేవడానికి వెళ్ళాడు. రిషిత ఫోను చూసుకుంది. రెండు శాతం. సాసరు కడిగి, తుడిచి, దాని మీద ఫోను పెట్టి స్విచ్చు వేసింది.

అప్పుడే మోగింది. ఆంటీ.

మోగి, ఆగి, మళ్ళీ మోగింది. మెసేజి: "పెట్టె ఆపేశారు. వాళ్ళ ముందు తెరవాలంట. నంబరు చెప్పు." ఇంకోటి: "గేటు మూసేస్తారంట. పెట్టె వదిలి రమ్మంటున్నారు." ఇంకోటి: "అమ్మా, ఫోన్ ఎత్తవే."

ఇంటి పిల్లని కాస్తా అమ్మని చేసేసింది ఆవిడ. రిషిత టీ పెట్టుకుంది. మోగే అదురుకి ఫోను జరిగి సాసరు అంచుకి వస్తే, పడిపోకుండా వేలితో మధ్యకి నెట్టింది. ఎత్తలేదు. ఛార్జింగులో ఉండగా మాట్లాడకూడదు.

పన్నెండోసారి మోగాక మరి మోగలేదు.

నూరు శాతం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, గోడమీది స్విచ్చు కట్టేసి, వైరు తీసి, పద్ధతిగా చుట్టి, అప్పుడు రిషిత మెసేజి రాసింది: "1104, ఆంటీ."

ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు. పెట్టె బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయింది, ఆవిడ మాత్రం గాల్లో ఉంది.

గోడమీది క్యాలెండర్లో జనవరి ఇరవై మాత్రం ఉన్నచోటే ఉంది.