పై ఊరి నాలుగో నర్సు

...అయినా నాలుగు అని రాస్తే వచ్చి చూసేదెవరు, నారిన్ పట్నం నుంచి వచ్చే కొండదారే మంచుతో మూసుకుపోయినప్పుడు, అనుకుంది ఆ కొండ ఊళ్ల ఆసుపత్రిలో నర్సుల లెక్కలు చూసే సైరాగుల్. ఎవరూ చూడనంత మాత్రాన అది నిజమైపోతుందా? కళ్ల వెనక నొప్పి మొదలైంది. మూడు నెలలకోసారి ఇదే కాగితం. మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే నర్సులు ఎందరు ఉండాలి, ఎందరు ఉన్నారు, తేడా ఉంటే ఎందుకు. ఉండాల్సింది నలుగురు. కంప్యూటర్ తెర మీద రెండో గడి పొద్దుటి నుంచి ఖాళీగానే ఉంది.

మూడు అని రాస్తే నిధులిచ్చే విదేశీ సంస్థ నాలుగో ఉద్యోగాన్ని ఎత్తేస్తుంది. పై ఊళ్లో పదకొండు మందిని చూసే దిక్కు ఉండదు.

ఆ పదకొండు మందికీ మూడు నెలలుగా ఒకటే బీపీ. నూట ఇరవై, ఎనభై. రోజూ అదే. రికార్డులో ఆ అంకెలు చూశాకే వాళ్లను చూడాల్సిన నాలుగో నర్సు జైనగుల్‌ను రమ్మని కబురు పెట్టింది. జైనగుల్ రాలేదు. ఆమె అత్త బుబుసారా వచ్చి, ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటోంది.

"కోడలేది, అపా?" అమ్మా అన్నట్టే అడిగింది సైరాగుల్.

"మాస్కోలో ఉంది, మొగుడి దగ్గర. మంచు పడకముందే వెళ్లిపోయింది."

"మరి రికార్డులో సంతకాలు?"

"నేనే పెడుతున్నా. దాని పేరే, ఒక్క అక్షరం తప్పు పోకుండా."

"ఆ ఉద్యోగం ఆమెది కదా!"

"మా ఇంటికొచ్చిన పని, బిడ్డా. కోడలు ఊరెళ్లిందని ఆవుకి పాలు పితకడం మానేస్తామా?"

సైరాగుల్‌కి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేదు.

"బీపీ చూడ్డం మీకొచ్చా?"

"ఆ పట్టీ బిగిస్తే ముసలాళ్లు హడలిపోతున్నారు. నూట ఇరవై మంచిదని కోడలు చెప్పేది. అందరికీ మంచిదే రాశా. చేతులారా ఎవరికైనా చెడ్డది రాస్తానా?"

వాళ్లలో ఎవరికి నూట తొంభై ఉందో.

"వీపుల మీద పుళ్లు?"

"ఒక్కరికీ లేవు. కింద గొర్రెతోలు పరిచా. పొద్దున నేను తిప్పి పడుకోబెడతా, తర్వాత ఇంట్లోవాళ్లు. మాట వినకపోతే తిడతా."

చదువుకున్న నర్సులున్న మిగతా మూడు ఊళ్లలో ఏడుగురికి పుళ్లున్నాయి. ఆ లెక్క ఇదే కాగితంలో, రెండో పేజీలో ఉంది.

సైరాగుల్‌ని అక్క వరసలో ఎజే అని పిలిచే, ఆమెకంటే పదేళ్లు చిన్నవాడైన డైరెక్టరు తొక్తోసున్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంకా అవలేదా, ఎజే? నాలుగని కొట్టి పంపెయ్యి. మనిషైతే తిరుగుతోందిగా!"

అతను వెళ్లిపోయాడు. మనిషైతే తిరుగుతోంది. నాలుగంటే అక్కడ నర్సు ఉందని అబద్ధం. మూడంటే ఈ ముసలామె లేదని అబద్ధం. ఇన్నేళ్లూ తను నింపిన గడుల్లో ఇలా ఎందరు కొట్టుకుపోయారో. లెక్కపెట్టాలనిపించలేదు. అలిసిపోయింది.

"టీ చల్లారిపోతోంది, నీదీ తాగు," అంది బుబుసారా.

సైరాగుల్ మూడు అని కొట్టింది. తేడా ఎందుకు అన్న గడిలో రాసింది: 'నర్సు వెళ్లిపోయింది. ఆ పని ఆమె అత్త బుబుసారా చేస్తోంది. పుళ్లు ఎవరికీ లేవు. బీపీ అంకెలు నమ్మకండి. ఈమెకు నేర్పే మనిషిని పంపండి. ఉద్యోగం తీసేయకండి.'

మళ్లీ చదువుకోకుండా పంపేసింది.