నాలుగో తలుపు

“సీటు లేదమ్మాయ్,” అన్నాడు డీన్ క్రాన్‌షా.

తరగతిలో సగం బల్లలు ఖాళీ. లాలో చేరడానికొచ్చిన డినేయోకి అర్థం కాలేదు. “అయితే నిలబడే వింటాను సార్.”

“నిలబడితే కుదరదు!” డీన్ ముఖం కందగడ్డయింది. “నేననేది... ఆ సీటు.”

ఆమెకి నచ్చజెప్పమని నన్నూ పిలిపించాడు. జొహానెస్‌బర్గ్, 1954. లా చదవాలంటే ఎలా అని నల్లపిల్ల అడిగితే, ఇలా కాదు, అలా కాదు అనడమే ఆ లా కాలేజీకి తెలిసిన లా. మా భవనంలో మరుగుదొడ్లకి మూడే తలుపులు. తెల్లదొరలకొకటి, దొరసానులకొకటి, బొగ్గుల కొట్టు వెనక నల్ల కుర్రాళ్ళం మా ముగ్గురికీ ఒకటి. నల్ల ఆడపిల్లకి నాలుగోది లేదు. “నల్లవాళ్ళని చేర్చుకున్నాం, ఆడవాళ్ళని చేర్చుకున్నాం, ఇంకేం కావాలి?” అని రొమ్ము విరుచుకునేవారు ఆ దొడ్డమనుషులు. రెండూ ఒకే ఒంట్లో నడిచొచ్చేసరికి వాళ్ళ దొడ్డతనం దొడ్డి దగ్గరే ఆగింది, న్యాయం మరుగున పడింది.

“మరి ఇక్కడ ఊడ్చే నల్లావిడ, మా జ్వానే, ఎక్కడికెళ్తుంది సార్?” అంది డినేయో.

ఇన్నేళ్ళలో డీన్‌కి ఆ సందేహమే రాలేదు. గంట కొట్టి పిలిపించాడు. మా జ్వానే చీపురుతోనే వచ్చింది.

“దొరసానుల దాంట్లోకే దొరా! కడిగేది నేనే గదా.”

“ఎవరూ ఏమనలేదా?”

“చీపురు పట్టుకున్నదాన్ని ఎవరు చూస్తారు దొరా?”

కాలేజీ న్యాయకోవిదులంతా కమిటీగా మధ్యాహ్నమంతా కూర్చుని, టీ తాగి, తేల్చారు. పనిమనిషికి ఆ తలుపు తెరిచే ఉంది కనుక, డినేయో సహాయ పనిమనిషిగా పేరు రాయించుకుంటే లా చదవొచ్చు. భవనంలో ఉన్నంతసేపూ చీపురు చేతిలో ఉండాలి. పట్టా పట్టాలంటే ముందు చీపురు పట్టాలన్నమాట!

“ఒప్పుకోకు చెల్లీ, పరువు పోతుంది,” అన్నాను బయటికొచ్చాక.

“నీకు తలుపుంది అన్నా, పరువు గురించి ఎన్నయినా చెప్తావ్. నాకు లా కావాలి.”

మొదటిరోజు ముందు వరసలో కూర్చుంది, ఒళ్ళో చీపురు అడ్డంగా పెట్టుకుని. రోమన్ చట్టం చెప్పే ముసలాయన గుమ్మంలోనే ఆగాడు.

“ఏయ్, ఊడ్చింది చాల్లే. బయటికి నడు, పాఠం చెప్పాలి.”

తరగతి గొల్లున నవ్వింది. డినేయో లేచింది.

“నేను ఊడ్చడానికి రాలేదు సార్, చదవడానికొచ్చాను. ఈ చీపురు మీ కమిటీ తీర్మానం. మీ ఆడవాళ్ళ దొడ్లో నల్ల పనిమనిషి కూర్చుంటే మైల కాదట, నల్ల లాయరు కూర్చుంటే మైలట. అందుకని చేతికిచ్చారు. అందరికీ అర్థమైందా? ఇక పాఠం చెప్పండి.”